నడక మరిచిన బండి

మా నాయన బండి నడిచేది. పరిగెత్తే బండ్లు ఊరికొకటి ఉంటాయి, అందులో గొప్పేమీ లేదు. మనుషుల ముందు, మనుషుల అడుగుకు సరిగ్గా అడుగేసుకుంటూ నడిచే బండిని మాత్రం నేను మా నాయన దగ్గరే చూశాను.

అది చిన్న కారు ఇంజను పెట్టిన పాత తెల్ల వ్యాను. మా ఊరు కోడుమూరు నుంచి లోపలికి ఉంటుంది. వాన పడితే ఆముదాలు, పడకపోతే ఆకాశం. చలికాలం చివరికి వచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లంతా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతారు. ఆ నెలల్లో ఎవరైనా చనిపోతే పెట్టె మోయడానికి భుజాలు చాలవు. మా సమాధుల తోట దగ్గరలో కూడా లేదు. కర్నూలు పోయే దారిలో ఎర్రమిట్ట ఎక్కి, అవతల దిగితే గానీ రాదు. ఒక ఏడు దాసన్న తాత పెట్టెను నలుగురు ముసలివాళ్లు మోస్తూ, మిట్ట సగంలో కింద పెట్టేసి, రొప్పుతూ రోడ్డు మీదే కూర్చుండిపోయారు. అది చూసిన మా నాయన ప్రేమయ్య ఇంటికొచ్చి వ్యాను వెనక సీటు విప్పేశాడు. అప్పటినుంచి మా సంఘంలో పోయినవాళ్లందరూ మా నాయన బండిలోనే పోయారు.

దానికి ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పెట్టె అందరికీ కనబడాలని వెనక తలుపు పైకెత్తి కట్టేసేవాడు. ఒకటో గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలి, ఇంక కాలు తీసేసేవాడు. బండి దానంతటది, పాడుకుంటూ వచ్చే ఆడవాళ్ల నడకకు సరిపోయేట్టు పోయేది. ఇంజను ఉందో లేదో తెలిసేది కాదు. "పాట కంటే బండి ముందు పోగూడదు" అనేవాడు. ఇంట్లో ఉప్పు ఉందో పప్పు ఉందో పట్టని మనిషికి ఈ ఒక్క విషయంలో మాత్రం ఎక్కడలేని పట్టింపు. తన వంతు వచ్చినప్పుడు కూడా ఈ బండిలోనే, ఇట్లాగే తీసుకుపోవాలని మాకు ముందునుంచీ చెప్పి పెట్టాడు. మేము నవ్వి ఊరుకునేవాళ్లం.

నేను పెద్దదాన్ని, రెజీనాను. కర్నూలు పక్కన కల్లూరులో కాపురం. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ కాదనను. నా తమ్ముడు జయపాల్‌కు నోరు లేదు, చేతులున్నాయి. మనసుకు కష్టం కలిగితే వాడు ఏదో ఒకటి విప్పుతాడు. ఖాయమనుకున్న సంబంధం తప్పిపోయినప్పుడు అమ్మ మిక్సీ విప్పాడు. ఇప్పటికీ అది చట్నీ రుబ్బితే ఊరంతా వినబడుతుంది.

నాయన వయసులో ఉండగా బేతంచెర్లలో బండలు కోసే మిషన్ల దగ్గర పని చేశాడు. ఆ దుమ్మంతా ఇన్నేళ్లూ రొమ్ములో దాక్కుని, ఇప్పుడు బయటపడింది. కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఫోటోలు లైటు ముందు పెట్టి చూసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, మందులతో వెనక్కి రావని, ఉన్నన్నాళ్లు జాగ్రత్తగా చూసుకోమని చెప్పింది. ఆ మాట వింటూ జయపాల్, ఆసుపత్రి కుర్చీ కింద వదులైన మర ఒకటి కనబడితే వంగి, గోటితో బిగిస్తూ కూర్చున్నాడు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం నాయనకు ఊపిరి అందలేదు. నేను ఆ రోజు ఊర్లోనే ఉన్నాను. నాయనను వ్యానులో కూర్చోబెట్టి అమ్మ, నేను, పక్కింటి బొజ్జన్న, ఆయన భార్య మహాదేవి, ఇంకా వస్తామన్నవాళ్లు కొందరు, అందరం ఎక్కాం. జయపాల్ తోలుతున్నాడు. మనవాళ్లకు కష్టం వస్తే బండి నిండా మనుషులు ఉండాలి కదా. ఎర్రమిట్ట సగం ఎక్కేసరికి బండి లాగలేక నిలబడిపోయింది. గేరు తగ్గించినా కదల్లేదు. దిగి తోశాం. నా చెప్పు తెగిపోయింది. లోపల నాయన రెండు చేతులూ ముందు సీటుకు ఆనించి, నోరు తెరిచి, గాలి కోసం మెడ సాచుతున్నాడు. మేము ఎట్లాగో మిట్ట ఎక్కించి ఆసుపత్రికి చేర్చాం. ఆక్సిజన్ పెట్టారు, తేరుకున్నాడు.

"అద్దంలో కనబడతాండాడు అక్కా," అన్నాడు జయపాల్ ఆ సాయంత్రం ఆసుపత్రి మెట్ల మీద. "నేను తొక్కుతానే ఉండా. బండి లాగదు. అద్దంలో నాయన నన్నే చూస్తాండాడు."

అంతకుమించి వాడు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఇంజను మీద పడ్డాడు.

కల్లూరులో మా ఇంటికి దగ్గరగా, చిన్న చిన్న ఫ్యాక్టరీల షెడ్ల మధ్య ఉమామహేశ్ అని ఒక మెకానిక్కు ఉన్నాడు. జయపాల్ వాడి దగ్గరికి వారం వారం రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడు మా ఇంట్లో అన్నం తినేవాడు. ఒకరోజు తింటూ తింటూ చేయి ఆపి చెప్పాడు.

"ఇంజను గూడా మన మాదిరే అక్కా. గాలి పీలుస్తాది, వదులుతాది. దానికి చిన్న తలుపులుంటాయి. ఆ తలుపులు తెరిచేది క్యామ్‌షాఫ్టని ఒక కడ్డీ. కడ్డీ మీద కోడిగుడ్డు మాదిరి గడ్డలుంటాయి. అది తిరిగేకొద్దీ ఆ గడ్డ తలుపును నూకుతాది. గడ్డ పెద్దదయితే తలుపు ఎక్కువసేపు తెరుచుకోనుంటాది. గాలి శానా పోతాది. ఇదే ఇంజనుకు బలం వస్తాది."

"నాయనకు ఊపిరి లేకపోతే బండికి పెట్టిస్తాండావా?" అన్నాను.

నేను ఎప్పటిలాగే ఎగతాళికి అన్నాను. వాడు నవ్వలేదు. కంచంలోకి చూస్తూ, "బండికన్నా పెట్టియ్యనీ అక్కా," అన్నాడు. నేను వాడికి ఇంకో గరిటె పప్పు వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఉమామహేశ్ మంచివాడే. పందెం కార్లకు వాడే కడ్డీని కోయంబత్తూరులో తెలిసినవాళ్ల ద్వారా తెప్పించాడు. దాన్ని బిగించే రోజు నేను వాళ్లిద్దరికీ టిఫిన్ క్యారియర్ తీసుకుపోయాను. ఇంజను మూత తీసి పక్కన పెట్టి ఉంది. పాత కడ్డీ, కొత్త కడ్డీ గోనెపట్ట మీద పక్కపక్కన ఉన్నాయి. నాకు రెండూ ఒకటిగానే కనబడ్డాయి.

"జయపాలన్నా, మల్లా చెప్తాండా," అన్నాడు ఉమామహేశ్ చేతులు తుడుచుకుంటూ. "ఇది స్పీడు మీదే బలం ఇస్తాది. మెల్లగా పోవాలంటే మొండికేస్తాది. నిలబెట్టినా వణుకుతాది. తర్వాత నన్ను అడగొద్దు."

"ఆసుపత్రికి మెల్లగా ఎవరు పోతారప్పా?" అన్నాడు జయపాల్.

ఆ మాటకు ముగ్గురం తల ఊపాం. నాయన మంచం పట్టాక బండి పెట్టెలు తీసుకుని సమాధుల తోటకు పోవడం ఆగిపోయింది. చావులకు ఎవరో ఆటో మాట్లాడుకుంటున్నారు. ఆ బండి ఏ పనికి పుట్టిందో మా ముగ్గురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

గుర్తొచ్చింది నాయనకే. కొత్త కడ్డీతో జయపాల్ వ్యానును ఇంటి ముందు తెచ్చి నిలబెట్టాడు. ఇంజను ఆగీ ఆగనట్టు తడబడుతోంది, అద్దాలు గలగలమని కొట్టుకుంటున్నాయి. నాయన గోడ పట్టుకుని బయటికి వచ్చి విన్నాడు. లోపలికి ఎక్కి, ఒకటో గేరు వేసి, తన అలవాటు ప్రకారం కాలు తీసేశాడు. బండి రెండు గెంతులు గెంతి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేశాడు. మళ్లీ అంతే.

"నడక మరిచిపోయిందిరా ఇది," అన్నాడు.

"రోడ్డు మీద చూడు నాయనా, ఎట్ల లాగుతాదో," అన్నాడు జయపాల్.

"లాగుతాది లేరా. ఇదివరకు ఉన్నిది మల్లా పెట్టించు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నన్ను దీంట్లోనే కదా తీసకపోయేది."

జయపాల్ ముఖం చూడలేకపోయానని అమ్మ తర్వాత నాతో చెప్పింది. పాత కడ్డీ ఎక్కడికీ పోలేదు. ఉమామహేశ్ దానికి నూనె పూసి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. అది నాయన మంచం కిందే ఉంది. ఒక పూట పని. కానీ ఆ పని చేయిస్తే, నాయన ఇంక పోయేది ఆసుపత్రికి కాదు, సమాధుల తోటకేనని ఒప్పుకున్నట్టు. చేయించకపోతే నాయన కోరిన ఆ ఒక్క కోరికా తీసిపారేసినట్టు. నా తమ్ముడు ఈ రెండింటి మధ్యా ఇరుక్కుని, "చేయిస్తాలే నాయనా, వచ్చే వారం," అంటూ నెలలు గడిపాడు. ఫోన్‌లో నేను తిట్టాను. అమ్మ చెప్పి చూసింది. నాయన మాత్రం రెండోసారి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఆయన అంతే, అర్థమైందనుకుంటే ఊరుకుంటాడు.

జయపాల్ రోజూ పొద్దున బండిని రోడ్డు వైపు ముఖం తిప్పి, తాళం చెవి దానికే వదిలి పెట్టేవాడు. ఈసారి ఊపిరి ఆడకపోతే ఒక్క క్షణం పోగూడదని వాడి పట్టుదల.

శివరాత్రి ముందర ఒక ఉదయం నాయన గోడకు ఆనుకుని రాగిజావ తాగుతున్నాడు. మెడ సాచాడు. అమ్మ వీపు నిమిరింది. జయపాల్ చూసి ఒక్క గంతులో బయటికి పోయి బండి స్టార్టు చేశాడు. ఆగిపోతుందని భయం, అందుకే ఎక్సలేటరు తొక్కిపట్టి, "ఎక్కించండి, ఎక్కించండి" అని అరుస్తున్నాడు. వీధంతా ఆ మోతే. అమ్మ గ్లాసు నాయన చేతిలోంచి తీసి కింద పెట్టి, ఆయన కళ్లు మూసి, బయటికి నడిచి వచ్చింది. కిటికీలోంచి చేయి పెట్టి తాళం తిప్పేసింది.

"ఆపు నాయనా. ఇంక చాలు," అంది.

నేను కల్లూరు నుంచి చేరేసరికి ఎండెక్కింది. ఆ ఎండలకు సాయంత్రం లోపల మట్టి చేయాల్సిందే. జయపాల్ నన్ను చూసి ఏడవలేదు. పాత కడ్డీని మంచం కింద నుంచి తీసి, గుడ్డ విప్పి, రెండు చేతుల్లో పట్టుకుని ఉన్నాడు. ఉమామహేశ్‌కు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. శివరాత్రికి ఉమామహేశ్ ఇంటిల్లిపాదీ శ్రీశైలం నడిచి పోతున్నారు. అడవి దారిలో ఉన్నారేమో, ఫోన్ కలవదు. విప్పడం జయపాల్‌కు వచ్చు, తిరిగి సరిగ్గా కూర్చోబెట్టడం రాదు. కడ్డీని తిప్పే పళ్ల చక్రంలో ఒక పన్ను అటూ ఇటూ అయితే ఇంజనే పగిలిపోతుందట. వాడు పానా తీసుకుని, ఇంజను మీదున్న సీటు ఎత్తాడు, ఇంజను మూతకున్న మొదటి మరను చూశాడు, మళ్లీ సీటు దించేశాడు. వాడు ఒక వస్తువును విప్పకుండా వదిలేయడం నేను చూసింది అదే మొదలు.

"ఆటో పిలుద్దామా?" అన్నాను.

"వద్దక్కా. ఆయన అడిగింది ఇదొక్కటే," అన్నాడు.

గాబ్రియేలు అయ్యగారు ఇంటి దగ్గర ప్రార్థన ముగించారు. పెట్టెను వ్యానులోకి ఎక్కించాం. వెనక తలుపు పైకెత్తి నేనే తాడుతో కట్టాను. వెనక నిలబడింది ఆడవాళ్లు, ముసలివాళ్లు, బడిపిల్లలు. మోయగలిగినవాళ్లంతా మిరప తోటల్లో ఉన్నారు. నాయనకు ఇష్టమైన పాట అమ్మే ఎత్తుకుంది. బండి స్టార్టయ్యింది. పెట్టె మీద వేసిన బంతిపూల దండ వణకడం మొదలుపెట్టింది.

ఒకటో గేరు వేసి జయపాల్ కాలు తీశాడు. బండి గెంతి ఆగింది. పెట్టె జరిగి సీటుకు తగిలింది. ఆ చప్పుడుకు పాట ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాం. ఈసారి వాడు ఎక్సలేటరు తొక్కి, క్లచ్చి సగం పట్టుకుని పోనిచ్చాడు. బండి కదిలింది గానీ ఆ మోతలో మా గొంతులు మాకే వినబడలేదు. నోర్లు ఆడుతున్నాయి, పాట లేదు. వీధి చివరికి పోయేసరికి క్లచ్చి కాలిన వాసన కొట్టి, బండి మళ్లీ నిలబడిపోయింది. ఇంతమంది మనుషులం, నాయనను ఆయన బండిలో ఆయన నడకతో నాలుగడుగులు తీసుకుపోలేకపోతున్నాం. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఇంజను ఆపి తోశాం. బొజ్జన్న, అయ్యగారు, నేను, ఇంకా ముసలివాళ్లు. బడి దాకా తోశాం. అక్కడినుంచి రోడ్డు మెల్లగా ఎత్తు మొదలవుతుంది. బండి మా మీదికే రావడం మొదలుపెట్టింది. చక్రం కింద రాయి పెట్టి అందరం రొప్పుతూ నిలబడ్డాం. ముందర ఎర్రమిట్ట మొత్తం అట్లాగే ఉంది.

"నా ట్రాక్టరు తెస్తా," అన్నాడు బొజ్జన్న. "తాడు కట్టి మెల్లగా లాక్కపోదాం."

"తాడు కట్టి ఈడ్సకపోతారా ఆయప్పను?" అంది అమ్మ. "వద్దు బొజ్జన్నా."

అమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని డ్రైవర్ కిటికీ దగ్గరికి పోయింది. జయపాల్ స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు.

"నువ్వు పో నాయనా," అంది. "నీ బండి ఎట్ల పోతాదో అట్లనే పో. మేము పాడుకుంటా ఎనకాల వస్తాం."

"పాట కంటే ముందు పోగూడదంటాడు గదమ్మా."

"ఆయన లేచి అడుగుతాడా ఏమన్నా? పో."

జయపాల్ స్టీరింగు మీద నుంచి తల ఎత్తాడు. తర్వాత స్టార్టు చేశాడు. బొజ్జన్న చక్రం కింద రాయి తీశాడు. బండి ఒక్క ఉరుకు ఉరికింది. రెండో గేరు పడింది. వెనక తలుపు తెరిచే ఉంది కాబట్టి, పెట్టె, దాని మీద దండ, చిన్నవై పోతూ పోతూ మాకు కనబడుతూనే ఉన్నాయి. తర్వాత మలుపు.

అమ్మ మళ్లీ పాట ఎత్తుకుంది. మేము నడిచాం. ముందర పెట్టె లేదు, బండి లేదు. ఖాళీ రోడ్డుకు పాడుకుంటూ పోయాం. ఎదురుగా వచ్చిన గొర్రెల కాపరి తలగుడ్డ తీసి, ఎవరి కోసం తీశాడో తెలియక, మా వెనకకు తొంగి చూశాడు. నేను ఇన్ని చావులకు పోయాను, మట్టికి పోతూ దారి తప్పినట్టు ఎప్పుడూ అనిపించలేదు. అంతలో మిట్ట మీద నుంచి ఇంజను మోత వినబడింది. ఎక్కడా తగ్గలేదు, ఎక్కడా తడబడలేదు. ఒకే పట్టున మిట్ట నెత్తికి పోయి, అవతల దిగిపోయింది. అమ్మ ఆ మోత ఆగేదాకా పాట ఆపి, మళ్లీ అక్కడినుంచే అందుకుంది.

నేను ఆగలేకపోయాను. అందరినీ దాటుకుని, చీర ఎత్తి పట్టుకుని, సగం పరుగుతో మిట్ట ఎక్కి దిగాను. సమాధుల తోట గేటు పక్కన బండి ఆగి ఉంది. ఇంజను కట్టేసి ఉంది. జయపాల్ వెనక, పెట్టె పక్కన కూర్చుని, జారిన దండను సరిచేస్తున్నాడు. వాడి చేతులు నల్లగా ఉన్నాయి, పూలకు మసి అంటుతోంది. నన్ను చూసి, చిన్నప్పుడు పరీక్ష పాసయ్యి వచ్చినప్పటి ముఖం పెట్టాడు.

"ఒక్క పట్టున ఎక్కిందక్కా," అన్నాడు. "యాడా ఆగలే."

ఆసుపత్రికి పోయిన ఆ రోజు బండి నిండా మనుషులం. ఇవాళ వాడు, ఎండిపోయిన నాయన. ఖాళీ బండి ఏ కడ్డీతోనైనా ఎక్కుతుంది. ఈ మాట నా నోటి దాకా వచ్చింది. ఎన్నడూ ఆగని నోరు ఆగింది.

"అద్దంలో చూస్తానే ఉన్నా అక్కా," అన్నాడు వాడు. "నాయన ఏం కష్టపడలే."

నేను లోపలికి ఎక్కి వాడి పక్కన కూర్చున్నాను. పాట ఇంకా మిట్టకు అవతలే ఉంది. అది వచ్చేదాకా నాయనకు చెరో పక్కన కూర్చుని ఎదురుచూశాం.